కొండల అవతలి మాట

మొన్న గుంటూరులో సూది వేయించుకోవడానికి వెళ్తే, నర్సమ్మాయి నా చేతికి స్పిరిట్ దూది రాసింది. ఆ చల్లదనం, ఆ ఘాటు తగలగానే ఆరోగ్యమ్మక్క గుర్తొచ్చింది. తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో ఒకరింట్లో పనిచేసేదాన్ని. కాగిన నూనె పడి చెయ్యి కాలితే సల్మానియా ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సు ఆమె. నా మెడలో జపమాల చూసి, "ఏ విచారణమ్మా మీది?" అని తెలుగులో అడిగింది. విచారణంటే మా కతోలికుల్లో ఒక గుడి కిందుండే ఊళ్ళు. కాలినందుకు ఏడవనిదాన్ని, ఆ మాటకు ఏడ్చేశాను. తీరా చూస్తే ఒకే ఊరివాళ్ళం. వాళ్ళది పెద్దవీధి, మాది మాలపల్లె.

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారం పూజ కూడా శుక్రవారమే. పూజయ్యాక గుడి గోడ నీడన టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. పోపుగారిని మావాళ్ళు జగద్గురువులంటారు. ఆ పేరెత్తితే చాలు, అక్కకు పూనకమే. ఒకప్పుడు విదేశాల్లో రాజులు తమకు నచ్చినవాళ్ళను మేత్రాణులుగా, అదే బిషప్పులుగా, పెట్టుకుని, గుడిని తమ కచేరీలా నడపాలని చూశారట. అప్పుడు చాలామంది విశ్వాసులు కొండల అవతలున్న రోమాపురి వైపు చూశారట, చివరి మాట అక్కడినుంచే రావాలని. ఏ రాజక్కా అంటే పేర్లు కలగాపులగం చేసేది. నాకేమో ఒళ్ళు మండేది. నా నెత్తిన వీసా ఇచ్చిన యజమాని కఫీలున్నాడు, ఆయన పెళ్ళాముంది, వాళ్ళు చాలక పైన ఇంకొకరెందుకని అడిగేశాను. అక్క కోప్పడలేదు.

"దగ్గరోడు మెడ మీద చెయ్యేసినప్పుడే, దూరాన పెద్దాయన ఉన్నాడన్న సంగతి అక్కరకొచ్చేది," అంది.

ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. మా ఊరి గుడిలో, పూజలో ఫాదరిచ్చే సత్ప్రసాదపు అప్పం పెద్దవీధివాళ్ళు తీసుకున్నాకే మేము లేచేవాళ్ళం. ఆ అలవాటు మాతోపాటే విమానమెక్కింది. బహ్రెయిన్‌లోనూ నేను అందరూ అయ్యేదాకా గోడవారన నిలబడేదాన్ని, ఎవరూ చెప్పకుండానే. ఒక శుక్రవారం మేడమ్ ఇంటికి చుట్టాలొస్తున్నారు. బయట కారు ఆగి ఉంది. ఆలస్యమైతే మళ్ళీ వారం సెలవుండదు. సత్ప్రసాదం లేకుండా వెళ్ళడానికి మనసొప్పక వరస మధ్యలో చేరాను. మామీర్‌ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసే ఇన్నయ్యగారు, అక్కవాళ్ళ వీధాయనే, చెయ్యి అడ్డం పెట్టాడు. ఊరి పద్ధతి ఎక్కడైనా పద్ధతేనన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. గుమ్మం వైపు తిరిగాను.

ముందు వరసలో ఉన్న అక్క వెనక్కొచ్చింది. నా భుజం పట్టుకుని మళ్ళీ వరసలో పెట్టి, నా వెనకే నిలబడింది.

"బాబాయ్, ఈ వరస జగద్గురువులు పెట్టిందా? అయితే చెప్పు, ఇప్పుడే తలొంచుతా," అంది నెమ్మదిగా. "ఆయన పెట్టకపోతే, పెట్టడానికి నువ్వెవరు?"

ఇన్నయ్యగారు కూడా పోపుగారి పటానికి దండం పెట్టందే డ్యూటీకి వెళ్ళని మనిషి. చెయ్యి దించాడు. నేను సత్ప్రసాదం తీసుకుని కారు దగ్గరికి పరుగెత్తాను. తర్వాత కొన్నివారాలు కొందరు మూతి ముడుచుకున్నారు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో ఎవరికీ పట్టలేదు. ఒకసారి ఇన్నయ్యగారే నా వెనక నిలబడి, ఊరికే దగ్గి ఊరుకున్నాడు.

అక్క ఇప్పుడు లేదు. ఆమె చెప్పిన పెద్దరికమంతా నేను ఒప్పుకున్నానని అనలేను. ఇవాళ ఆమె ఉన్నా వాదించేదాన్నే. కానీ ఎవరైనా "మా దగ్గర ఇంతే" అంటే, "ఎవరు పెట్టారు?" అని అడిగే నోరు మాత్రం ఆమె ఇచ్చిందే. పోయిన ఆదివారం మా ఊరి గుడిలో, పెద్దవీధివాళ్ళు అయ్యేదాకా ఆగకుండా, నేను లేచిన చోటే వరసలో కలిశాను. వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. ఏ వీధివాళ్ళోనని తిరిగి చూడలేదు.