పొయ్యికి పూసిన అన్న బొమ్మ

మా చిన్నప్పుడు బడులన్నీ మూతపడ్డ ఏడు ఒకటుంది... తెలంగాణ కావాలని పెద్ద పిల్లలంతా రోడ్డెక్కిన అరవైతొమ్మిది. నేను నాలుగో తరగతి. బడి లేదు, పలక లేదు... పొద్దంతా మట్టితోనే ఆట.

అప్పటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్ని షాపులెక్కడివి... మా ఇల్లు దాటితే జొన్న చేలే. నాయన, అమ్మ తాపీ పనికి పోయేవాళ్ళు. ఇంట్లో నేను, అన్న దావీదు, బాపమ్మ... అంటే నాయన వాళ్ళమ్మ.

బాపమ్మకు చదువు రాదు కానీ బైబిల్లోని పది ఆజ్ఞలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేది. విగ్రహాల ఆజ్ఞ అంటే నాకు వణుకు. ఏ రూపమూ చేసుకోవద్దు, దానికి మొక్కొద్దు... చేస్తే ఆ తప్పు మూడు నాలుగు తరాల దాకా వెంట వస్తుందట. మా గోడ మీద బొమ్మల క్యాలెండర్ కూడా ఉండేది కాదు.

ఆడుకోవడానికి ఎద్దుల్ని, కోళ్ళని చేస్తే మాత్రం ఏమీ అనేది కాదు. ఒకరోజు అన్న బొమ్మ చేశాను. చీపురుపుల్లతో పక్క పాపిడి గీశాను. చొక్కా గుండీలకి మూడు జొన్నగింజలు గుచ్చాను.

మర్నాడే అన్న ఊరేగింపుకని మలక్‌పేట వైపు వెళ్ళాడు... తిరిగి రాలేదు. రెండు రోజులైనా రాలేదు. నాయన ఠాణాలు, దవాఖానలు తిరుగుతున్నాడు. అమ్మ గడప వదలడం లేదు.

నాకు ఒకటే దిగులు... నేను బొమ్మ చేసినందుకే దేవుడికి కోపం వచ్చిందేమో. అయినా దాన్ని పారేయబుద్ధి కాలేదు. పెరటి గోడ గూట్లో నిలబెట్టి, ముందు రొట్టెముక్క పెట్టి, ఇంటికి రా అన్నా, ఇంటికి రా అని చెప్పుకునేదాన్ని.

బాపమ్మ చూసేసింది.

"ఎవరితోటి ముచ్చట పెడుతున్నవే?"

"అన్నతోటి."

"ముచ్చట పెడుతున్నవా, మొక్కుతున్నవా?"

అప్పుడు చూసుకున్నాను... నా రెండు చేతులూ జోడించి ఉన్నాయి.

"పలగ్గొట్టు దాన్ని!"

"పలగ్గొడితే అన్నకేమన్న అయితే?"

బాపమ్మే రాయి తీసుకుంది. చెయ్యి లేచింది... దిగలేదు. ఉంచితే దేవుడికి కోపం. కొడితే మనవడికేమవుతుందో. అంత ధైర్యమున్న మనిషి కూడా నాలాగే నిలబడిపోయింది.

రాయి కింద పడేసి, "పో, గిన్నెల నీళ్ళు తే" అంది.

బొమ్మని పసిపిల్లని స్నానానికి దింపినట్టు నీళ్ళలో దింపింది. బుడబుడమని బుడగలొచ్చాయి. పాపిడి చెరిగింది, ముక్కు కరిగింది, భుజాలు జారాయి... ఎవరూ కొట్టకుండానే బురదైపోయింది. అడుగున మూడు జొన్నగింజలు మిగిలాయి. నేను వాటినే చూస్తున్నాను.

"ఇప్పుడు వీటిని మొక్కుతవా ఏంది?" అని తీసి కోడికి వేసింది.

ఆ బురదతో పొయ్యి అలికింది. "మట్టి మట్టే బిడ్డా. మీ అన్న ఒస్తడు... గీ పొయ్యి మీదనే వండిపెడతా."

మర్నాడు పొద్దున్నే అన్న వచ్చాడు. ఠాణాలో పెట్టి వదిలేశారట. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. పొయ్యి ముందు కూర్చుని అన్నం తింటూ, "పొయ్యి కొత్తగ అలికినవేంది బాపమ్మా... పండుగా?" అన్నాడు. బాపమ్మ నన్ను చూసింది... నేను బాపమ్మను చూశాను. బాపమ్మ అన్నకి ఇంకింత అన్నం వడ్డించింది.

ఇప్పుడు మేముండేది ఎల్‌బీ నగర్‌లో, నాలుగో అంతస్తు. పొయ్యి అలికే పనీ లేదు, కాలికి మట్టి అంటేదీ లేదు. బాపమ్మ ఎప్పుడో వెళ్ళిపోయింది. అన్న పోయి మూడేళ్ళు. అన్న ఫోటోని మా అబ్బాయి పెద్దది చేయించి గోడకి తగిలించాడు, దండ కూడా వేశాడు. దండ తీయించేశాను. ఫోటో తీయించలేకపోయాను.

పొద్దున్నే ఫోటో అద్దం తుడుస్తూ అన్నతో అన్నీ చెబుతాను... మనవరాలి జ్వరం, నా మోకాళ్ళు, రోడ్డు దాటాలంటే నాకున్న భయం. బాపమ్మ అడిగిన మాట అప్పుడే గుర్తొస్తుంది. ముచ్చటేనా ఇది... ఏమో. మట్టిదైతే నీళ్ళలో పెట్టేదాన్ని, అద్దంలో మనిషిని ఏం చేయను?

అందుకే తుడిచే గుడ్డ చేతిలోంచి వదలను... రెండు చేతులూ కలుస్తాయేమోనని.

మీ ఇళ్ళలోనూ పోయినవాళ్ళ ఫోటోలుంటాయి కదా... వాళ్ళతో మాట్లాడేటప్పుడు మీరు చేతులెక్కడ పెట్టుకుంటారు?