అవ్వ ఉత్త గుప్పిట

మా హోటలుకు పేరు లేదు. పూతలపట్టు కూడలిలో చిత్తూరు బస్సులూ తిరుపతి బస్సులూ ఆగేచోట, రోడ్డు పక్కనే నాలుగు బెంచీలు, రెండు పొయ్యిలు, పైన బోదగడ్డి కప్పు. అంతే. కండక్టర్లు మాత్రం "అవ్వ హోటలు, పది నిమిషాలు!" అని అరిచేవాళ్ళు. ఆ అవ్వ మా నాయనను కన్నతల్లి. ఆమెకంటే ముందు ఆమె అత్త, బెల్లం బండ్లవాళ్ళకు సంగటీ శనక్కాయల ఊరిమిండి పచ్చడీ పెట్టి ఈ వ్యాపారం మొదలుపెట్టిందట. అప్పట్లో బెంచీలు కూడా లేవు. ఎద్దులను విప్పి, బండి నీడలో కూర్చుని తినేవాళ్ళట. మా ఇంట్లో హోటలు తండ్రినుంచి కొడుకుకు రాలేదు, అత్తనుంచి కోడలికి వచ్చింది. మగవాళ్ళు కట్టెలు కొట్టారు, నీళ్ళు మోశారు, గల్లాపెట్టె దగ్గర కూర్చుని పెత్తనమంతా తమదేననుకున్నారు.

మా వంటింట్లో రెండు కట్టుబాట్లుండేవి. పొయ్యి మీదున్నది ఏదైనా సరే, బయటివాళ్ళు తినకముందు ఇంట్లోవాళ్ళు నాలుకకు తాకించకూడదు. అది ఎంగిలి కింద లెక్క. రెండోది, సాంబారులో ఉప్పు వేసే చెయ్యి ఒక్కటే ఉండాలి, అది అవ్వది. అవ్వ జాడీలో చెయ్యిపెట్టి గుప్పిట నిండా కల్లుప్పు తీసి, సాంబారు అండా పైన ఒక చుట్టు తిప్పి వదిలేది. కొలత లేదు, రుచి చూడటం లేదు. ఏనాడూ తప్పలేదు. ఆ చుట్టు తిప్పడం చూడటానికే వంటింటి గుమ్మందాకా వచ్చే లారీ డ్రైవర్లుండేవాళ్ళు. అవ్వకూ ఆ సంగతి తెలుసు. వాళ్ళు వస్తే ఇంకొంచెం గొప్పగా తిప్పేది.

మా అమ్మ పుట్టిల్లు ఐరాల. చెరుకు సేద్యం చేసే ఇల్లు. "పోయి పోయి హోటల్లో ఇచ్చినాము పిల్లను" అని వాళ్ళు కొన్నాళ్ళు దిగులుపడ్డారట. అమ్మకు మాత్రం బస్సు ఆగిన చప్పుడు వింటే చాలు, ముఖం వెలిగిపోయేది. ముక్కూమొహం తెలియనివాళ్ళు తన చేతి దోసె తిని, ఇంకొకటి అడిగితే ఆరోజంతా పాడుకుంటూ పనిచేసేది. కానీ ఉప్పుజాడీ జోలికి పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా పోలేదనే అనుకునేదాన్ని. అమ్మకున్న భయమల్లా నాయన మాట ఒక్కటే. "మా యమ్మ చెయ్యి ఆడినన్నాళ్ళే ఈ హోటలు. ఆ చెయ్యి ఆగిననాడు మూసేసి, జాగా టైర్ల షాపుకు బాడిగకిచ్చేస్తా," అని మా నాయన వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పేవాడు. అమ్మ పక్కనే నిలబడి వినేది. ఆయనకు ఎదురుగా ఉన్నది కనిపించదని నాకు అప్పుడే తెలుసు.

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవి అది. అమ్మ తమ్ముడికి నిశ్చితార్థం. తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరుతూ, అమ్మ నన్ను రోలు దగ్గరికి లాక్కుపోయింది.

"సూడు పాపా, ఎవురికీ చెప్పొద్దు. మీ అవ్వ ఏడాదిగా ఉప్పు ఎయ్యడం మరిసిపోతా ఉండాది. ఉత్త గుప్పిట తిప్పేసి పోతాది. ఆయమ్మ అట్ల తిరగంగానే నేను ఏస్తా ఉండా."

ఏడాదిగా మేమంతా మెచ్చుకుంటున్నది అమ్మ ఉప్పునా?

"మీ నాయనకు తెలిస్తే హోటలు మూసేస్తాడు. ఆయమ్మకు తెలిస్తే మనసు ఇరిగిపోతాది. గుప్పిట బాగా సూడు. ఏమీ పడలేదంటే, అవ్వ బయటికి పోయినాక నువ్వు ఒక గుప్పిడు ఎయ్యి. ఎక్కువ ఎయ్యొద్దు."

"నేను చూసుకుంటాలే, నువ్వు పో," అన్నాను. పదో తరగతి రాసినదాన్ని, ఒక గుప్పిట చూడలేనా అని నా ధీమా.

నిజంగానే చూశాను. అవ్వ జాడీలో చెయ్యి పెట్టింది. బిగించిన గుప్పిట బయటికి వచ్చింది. అండా పైన చుట్టు తిరిగింది. వేళ్ళు విచ్చుకున్నాయి. అవ్వ అరచెయ్యి దులుపుకుంది. పొయ్యి మీద ఆవిరి దట్టంగా ఉంది, అయినా ఉప్పు పడిందనే నా కళ్ళు చెప్పాయి. దులుపుకుంది కదా! అమ్మది ఉత్త కంగారు అనుకుని ఊరిమిండి నూరడానికి కూర్చున్నాను. జాడీ మూత తీసి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. అంత తెలివి ఉంటే ఇంకేం!

ఇంతలో అరవదేశంనుంచి ఒక బస్సు వచ్చి ఆగింది. నిండా పసుపుబట్టల భక్తులు, కొండకు పోతున్నవాళ్ళు. బెంచీలు చాలక సగంమంది నేల మీదే కూర్చున్నారు. నాయన విస్తరాకులు పరిచాడు, నేను ఇడ్లీలు పెట్టాను, అవ్వ సాంబారు పోసింది. ఒక పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకుని, మర్యాదగా అన్నాడు.

"పాట్టీ, ఉప్పిల్లె."

ఉప్పుకు అరవంలోనూ అదే పేరు, ఇల్లె అంటే లేదని మా కూడలిలో అందరికీ తెలుసు. దాచుకోవడానికి లేదు. బెంచీ చివర కూర్చున్న లారీ డ్రైవరు కూడా వేలు నాకి, "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అనిందంట ఉప్పు! ఏమవ్వా, ఈ పొద్దు దానిమీద అలిగినావా?" అన్నాడు.

నాయన ముఖం పాలిపోయింది. అవ్వ మాత్రం గరిటె కింద పెట్టి తన అరచెయ్యి వైపు చూసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. ఎందుకో తెలియకపోయినా ఆ భక్తులు కూడా నవ్వారు. ఆఖరికి అవ్వ లేచి, ఒక్కొక్కరి ఆకులో ఇంత ఉప్పు పెట్టి, ఊరికే తలా ఒక దోసె వేయించి పంపింది.

బస్సు కదిలాక నాయన బెంచీ మీద కూర్చుండిపోయాడు. "మాయమ్మకు చెయ్యి తప్పింది. ఇంక ఈ హోటలు చాలు," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తప్పంతా నాది. అమ్మ వస్తే ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

"నా కోడలు బస్సు దిగనీరా. అంతదాకా ఎవురూ నోరిప్పొద్దు," అంది అవ్వ.

సాయంత్రం అమ్మ చేతిలో లడ్డూల సంచితో దిగింది. మా ముఖాలు చూడగానే ఆమెకు అర్థమైంది. సంచి నా చేతిలో పెట్టి, నేరుగా అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"తప్పు నాదే అత్తా. నీకు తెలీకుండా ఏడాదిగా ఉప్పు నేనే ఏస్తా ఉండా."

"తెలీకుండానా?" అంది అవ్వ. "పోయినేడు ఒక దినం నిజంగానే మరిసిపోయినా. తిన్నోళ్ళంతా బాగుండాది అనిరి. ఇదేందబ్బా అని మర్నాడు కావాలనే ఉత్త గుప్పిట తిప్పినా. జాడీ సూస్తే ఉప్పు తగ్గిండాది. ఆపొద్దునుంచీ నేను ఒక్క ఉప్పుకల్లు కూడా ఎయ్యలేదు. ఈ పొద్దు నువ్వు ఊళ్ళో లేవని మరిసిపోయి, అలవాటు కొద్దీ అట్లే తిప్పేస్తి!"

అమ్మ కళ్ళనిండా నీళ్ళు. "దొంగ మాదిరి బయపడి చస్తిని గదత్తా. ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పి చేతికిచ్చేదానికి అది ఉప్పు గదమే! ఉప్పు చేతికిస్తే జగడం వస్తాదని మీ యమ్మ చెప్పలేదా? మాయత్త కూడా నాకు చేతికియ్యలే. అందుకే నేను కింద పెట్టేసినా. నువ్వు తీసుకున్నావు."

నాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే... హోటలు?"

"ఏడాదిగా ఎవురి చేతి సాంబారురా జుర్రుకుంటా ఉండావు? మూసెయ్, సూస్తా!"

నాయన లేచి కట్టెలు కొట్టడానికి పోయాడు. నేను లడ్డూల సంచి విప్పాను. ఆ సాయంత్రం మా వంటింట్లో ఉన్నంత సంతోషం పండగలకు కూడా నేను చూడలేదు.

మర్నాడు పొద్దున అమ్మ తలస్నానం చేసి, అందరి ఎదుటా మొదటిసారి జాడీలో చెయ్యి పెట్టింది. అవ్వ బెంచీ మీద కూర్చుని చూస్తోంది. అమ్మ గుప్పిట అండా పైన చుట్టు తిరిగింది. నిన్నటి లారీ డ్రైవరు మొదటి ముద్ద తిని, కాస్త ఆలోచించి, "ఈ పొద్దు రవంత ఎక్కువైనట్టుంది," అన్నాడు.

అమ్మ నాలుక కరుచుకుంది. అవ్వ తన సాంబారులో ఇడ్లీ నలుపుకుంటూ అంది.

"దొంగతనంగా ఏసినప్పుడే సరిగ్గా పడతా ఉన్నింది. రేపటినుంచి నేను అట్ల తిరుగుతాలే, ఏసుకో."