ఏడుపు షాట్‌లో పట్టుకండువా

విజయవాడ భవానీపురంలో మా ఇల్లు ఎక్కడని ఎవరినడిగినా "పెళ్ళి వీడియోల విశ్వేశ్వర్ గారిల్లా?" అంటారు. మా ఆయనకి ఒళ్ళు మండుతుంది. "సినిమాటోగ్రాఫర్‌ని" అంటారు. పద్దెనిమిదేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తూ, ముహూర్తాలు లేని నెలల్లో షార్ట్ ఫిలింలు తీస్తూ, ఒక్క అసలు సినిమా కోసం కలవరించిన మనిషి.

పోయినేడు సింధూరి అనే అమ్మాయి ఫోన్ చేసింది. చిన్న సినిమా, దర్శకురాలు తనే, కెమెరా మీరే చెయ్యాలండీ అంది. ఆ పూట ఈయన అన్నం ముట్టలేదు.

"హైమా, ఇది కూడా చెడితే కెమెరా అమ్మేసి మీ అన్నయ్య టైల్స్ కొట్లో కూర్చుంటా" అన్నారు. ఆ మాట చెబితే బెంజ్ సర్కిల్‌లో మా అన్నయ్య కూడా భయపడ్డాడు.

షూటింగ్ గన్నవరం దగ్గర హనుమయ్య గారనే పెద్ద రైతు ఇంట్లో. ఆఖరి రోజు, ఆఖరి షాట్. హీరోయిన్ వాకిట్లో కూర్చుని నాలుగు నిమిషాలు ఏడవాలి. మధ్యలో కట్ లేదు. పొద్దు వాలితే వెలుతురుండదు, మర్నాడు ఆ పిల్ల వేరే షూటింగ్‌కి వెళ్ళిపోతుంది. ఒక్కటే టేకు. క్యారేజీ తీసుకెళ్ళిన నేను గోడ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

మూడో నిమిషంలో గేటు తోసుకుని హనుమయ్య గారు వచ్చారు. ఏదో శుభకార్యం నుంచి, పట్టుకండువాతో.

పెళ్ళి వీడియోలో ఆలస్యంగా వచ్చిన మేనమామ పడకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. అలా పడని ఒకాయన సీడీ పట్టుకొచ్చి మా వరండాలో రెండు గంటలు కూర్చున్నాడు. అందుకే మా ఆయన చెయ్యి మా ఆయన్ని అడగలేదు. కెమెరా ఏడ్చే పిల్లని వదిలేసి కండువా మీదికి తిరిగింది. కండువా నుంచి చెప్పుల దాకా, చెప్పుల నుంచి మొహం దాకా. హనుమయ్య గారు ఆగి, నవ్వి, దణ్ణం పెట్టారు. అప్పుడు ఏడుపు వినిపించి కంగారుపడ్డారు.

"ఏమ్మా, వీళ్ళు నీకు భోజనం పెట్టలేదా?"

మేనమామ ఎవరిని పలకరిస్తే వాళ్ళూ వీడియోలో పడాలి కదా, కెమెరా మళ్ళీ పిల్ల మీదికి వెళ్ళింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళతోనే ఫక్కున నవ్వింది. పొద్దు వాలిపోయింది.

ఇంటికొచ్చేదాకా స్కూటర్ మీద ఒకటే మాట, "టైల్సే, హైమా." నాకు ఏడుపొచ్చింది.

వారానికి సింధూరి ఫోన్. "ఆ షాట్ అలాగే ఉంచుతున్నానండీ. ఆ నవ్వు నేను రాయలేనండీ."

ఊళ్ళో సినిమా వేసిన రోజు తెర మీద ఈయన పేరు చూసి సిగ్గులేకుండా ఈల వేశాను. బయటికొచ్చేసరికి హనుమయ్య గారు ఎదురొచ్చారు. మెచ్చుకుంటారనుకున్నాం.

"బానే తీశావు గానీ విశ్వేశ్వరూ, ఆ రోజు నా వెనకాలే మా ఆవిడ వస్తోందయ్యా. ఆవిడ గేటు దాటకముందే తిప్పేశావేంటి?"

ఆవిడ, రావమ్మ గారు, అలిగి అటు తిరిగి నిలబడి ఉన్నారు. జనమంతా చూస్తున్నారు. కొత్త సినిమాటోగ్రాఫర్ గారు "తప్పయిందమ్మా" అని జేబులోంచి ఫోన్ తీసి, ఆవిడ పట్టుచీర అంచు దగ్గర మొదలుపెట్టి మొహం దాకా నిదానంగా తీశారు. ఆవిడ నవ్వేదాకా ఆపలేదు.