కప్పు విప్పి చూడాల్సిన ఫిల్టరు

ముత్తుకూరు బస్సులో నా ఒళ్లో రెండు ఆయిల్ ఫిల్టర్లున్నాయి. నేను కొన్న పాత వ్యానుకు ఇనప కప్పులో కూర్చునే కాగితం ఫిల్టరు ఉంది. కావాలంటే ఆ కప్పు తీసేసి, సీలు వేసిన డబ్బా ఫిల్టరుకు మార్చుకోవచ్చన్నాడు మెకానిక్. ఎటూ తేలక రెండూ కొన్నాను.

పక్క సీటాయన వాటినే చూస్తున్నాడు. ఎండ మండిపోతున్నా ఆయన చొక్కా నీళ్లోడుతోంది.

"తెల్ల వ్యానుకే గదన్నా? డ్రైవరు డోరు లోపల్నించి తెరుచుకోదే, దానికి."

అవునన్నాను. మెకానిక్ షెడ్డులో బండిని చూసుంటాడనుకున్నాను.

"కాగితందే పెట్టు. డబ్బాకు మారిస్తే పాత కప్పు మూసింది మూసినట్టే పారేస్తారు. కప్పు విప్పి లోపలేముందో చూడు. చూడకుండా బండి తీయబాక."

రొయ్యల గుంటల దగ్గర, ఎవరూ ఆపమనకుండానే బస్సు ఆగింది. ఆయన దిగి కట్ట మీద నడిచిపోయాడు.

సాయంత్రం మెకానిక్ కప్పు విప్పాడు. ఆయిలు కంటే ముందు నీళ్లు కారాయి. వేలితో అద్ది నాలుకకు తాకించుకుని చూశాడు.

"ఉప్పునీళ్లన్నా. ఈ బండి రొయ్యల గుంటలో మునిగింది. అమ్మినాయన చెప్పలేదా?"

చెప్పలేదు. మునిగినప్పుడు దాన్ని నడిపిందెవరో నేనూ అడగలేదు. కాగితం ఫిల్టరే పెట్టమన్నాను. అంతకంటే ముందు, ఆ డోరు లోపల్నించి తెరుచుకునేలా చేయమన్నాను.