వేలంలో కొన్న జీపు

మా ఆయన నీటిపారుదల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాలువలు, తూములు, చెరువు కట్టలు కాగితం మీద గీయడం ఆయన పని. అప్పుడప్పుడు ఇంజనీరు వెంట జీపులో పొలాల మీదికి వెళ్లేవాడు. ముందు సీటు ఇంజనీరుది. మా ఆయన వెనక, సర్వే పెట్టెను ఒళ్లో పెట్టుకొని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకొని కూర్చునేవాడు. ఏళ్ల తరబడి అలాగే కూర్చున్నాడు. ఆ జీపు పాతబడి, ఆఫీసు వెనక రెండు వానాకాలాలు తడిసి, చివరికి వేలానికి వచ్చింది. ఇంట్లో ఎవరితోనూ చెప్పకుండా ఆయన వెళ్లి పాట పాడి దాన్ని కొన్నాడు.

అప్పుడు మేము కిషన్‌బాగ్‌లో ఉండేవాళ్లం. నేను, ఆయన, మా అత్తమ్మ. నేను ఫలక్‌నుమా దగ్గర సర్కారు దవాఖానాలో నర్సుని. ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి మా గల్లీ మొదట్లో జనం. ఆఫీసు జవాన్లు, వాడకట్టు వాళ్లు కలిసి జీపును నెట్టుకొస్తున్నారు. మా ఆయన పక్కన నడుస్తూ, పెళ్లికొడుకు గుర్రాన్ని పట్టుకున్నట్టు దాని తలుపు పట్టుకొని ఉన్నాడు. టాపు గుడ్డ చిరిగి వేలాడుతోంది. వెనక సీటులో ఉడత గూడు పెట్టింది.

అత్తమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఏందిరా గిది? పాత ఇనుము కొనేటోడు దొరకలేదా, ఇంటికి తెచ్చినవు?"

"అమ్మా, దీనికి నాలుగు చక్రాలకూ ఇంజను జోరు అందుతది. బురదల దిగబడ్డా దానంతట అదే ఎల్లొస్తది."

"మనింట్ల బురద యాడుందిరా?"

మా ఇద్దరిలో ఎవరికీ బండి నడపడం రాదు. ఇంటి పక్క ఖాళీ జాగాలో దాన్ని నిలబెట్టాం. మర్నాటి నుంచి అత్తమ్మ దాని బానెట్ మీద మిరపకాయలు ఎండబోయడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం ఆయన దాన్ని స్టార్ట్ చేస్తానన్నాడు. బ్యాటరీలో స్టార్టరును తిప్పేంత ప్రాణం లేదు. ముందు నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పాలి. ఆఫీసు డ్రైవరు తిప్పుతుంటే ఆయన వందసార్లు చూశాడట. చూడడం వేరు, తిప్పడం వేరు. బొటనవేలు చుట్టూ బిగించి, బలమంతా పెట్టి కిందికి నొక్కాడు. ఇంజను ఒక్కసారి ఉలిక్కిపడి హ్యాండిల్‌ను వెనక్కి విసిరింది. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడు. నేను పరుగెత్తి చూసేసరికి ఆయన కుడి మణికట్టు ఉండవలసిన తీరులో లేదు. గీతలు గీసే చెక్క స్కేలునే బద్దగా పెట్టి, నా పాత చీర చింపి కట్టు కట్టి, ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాను. మోచేతి దాకా సిమెంటు పట్టీ వేశారు. గీతలు గీసి బతికే మనిషికి కుడిచెయ్యి పోతే ఏముంటుంది? దారిపొడుగునా నాకు అదే భయం.

"దాన్ని ఎవరికన్న అమ్మెయ్యి," అన్నాను ఇంటికి రాగానే.

సెలవు పెట్టి ఇంట్లో ఉన్నన్నాళ్లూ, ఎండ తగ్గగానే ఆయన వెళ్లి జీపులో కూర్చునేవాడు. స్టీరింగు ముందు కాదు, దాని ఎడమ పక్క సీటులో. అత్తమ్మ అక్కడికే చాయ తీసుకుపోయి ఇచ్చేది. ఒక సాయంత్రం అన్నానికి పిలవడానికి వెళ్లి నేనూ లోపల కూర్చున్నాను.

"గింతసేపు ఏం చూస్తవు ఈడ?" అని అడిగాను.

"ముందల కూసుంటే రోడ్డు మొత్తం కనిపిస్తది," అన్నాడు. "గిన్నేండ్లు నాకు వాళ్ల మెడలే కనిపించినయి."

ఆ మాటకు నా గుండె కరిగిందని చెబితే అబద్ధం. నాకు వచ్చింది కోపం, అది కూడా ఆ ఇంజను మీద. నా మనిషి చెయ్యి విరిచింది, ఎందుకు విరిచిందో తెలుసుకోకుండా దాన్ని వదలకూడదు అనిపించింది.

దవాఖానాకు పోయే దారిలో రైలు గేటు పక్కన లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన భార్య కాన్పుకు మా దవాఖానాకే వచ్చింది, ఆ పరిచయంతో వెళ్లి అడిగాను. ఒక లారీకి కట్టి జీపును షెడ్డుకు లాగించాడు. బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు.

"సిస్టరమ్మా, సచ్ చెప్తున్న. నాది లారీల పని. గిసొంటి చిన్న బండి నేనెన్నడు విప్పలే."

"మరెట్ల, ఉస్తాద్?"

"ఎట్ల ఏంది? ఖోల్ కే దేఖేంగే. విప్పి చూద్దాం. రెండు చేతులు మీయి, రెండు నాయి."

అలా మొదలైంది. మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక షెడ్డుకు వెళ్లేదాన్ని. పాత చీర మీద పాత చొక్కా తొడుక్కొని, కొంగు నడుముకు దోపుకొని. మొదట్లో లారీ డ్రైవర్లు చాయ గ్లాసులు పట్టుకొని వింతగా చూసేవాళ్లు. కొన్నాళ్లకు వాళ్లే "సిస్టర్, మా బండి నాడి గూడ చూడుండ్రి," అని నవ్వేవాళ్లు.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, దవాఖానాది. ఉడకబెట్టి ఆరేసిన తెల్లగుడ్డ పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలో పెట్టేదాన్ని. ఉస్తాద్ పద్ధతి వేరు. ఆయన విప్పినవన్నీ ఒక నూనె డబ్బాలో వేసేవాడు. కార్బురేటర్ విప్పి, కిరోసిన్‌తో కడిగి, తిరిగి బిగించాక ఒక చిన్న స్క్రూ మిగిలింది.

"గిది ఎక్స్‌ట్రా," అన్నాడు ఉస్తాద్, దాన్ని జేబులో వేసుకోబోతూ.

"ఉస్తాద్, ఆపరేషన్ అయినంక మా దగ్గర ఒక కత్తెర తక్కువైతే, అది మనిషి కడుపుల ఉన్నట్టు. గీడ ఒకటి ఎక్కువైతే, లోపల ఏదో ఊడిపోతున్నట్టు."

ఆయన స్క్రూను గుడ్డ మీద పెట్టి, కార్బురేటర్‌ను మళ్లీ విప్పాడు. తర్వాత నా తెల్లగుడ్డల్లో ఒకటి అడిగి తీసుకున్నాడు.

పెట్రోలు ట్యాంకు దించి కడిగితే తుప్పు, మట్టి, ఒక ఎండిపోయిన బల్లి వచ్చాయి. ప్లగ్గుల మసి గరుకు కాగితంతో గీకడం నేర్చుకున్నాను. కింద పడుకొని ఎక్కడెక్కడ గ్రీజు పెట్టాలో వెతికాను. మట్టి గీకినకొద్దీ కొత్త చోటు బయటపడేది. చివరికి నా కోపానికి కూడా జవాబు దొరికింది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టవలసిన క్షణం కంటే ముందే పుడుతోంది. అందుకే హ్యాండిల్ ఎదురు తిరిగింది. దాన్ని సరిచేసి, బొటనవేలును మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కింది నుంచి పైకి గుంజాలని ఉస్తాద్ చూపించాడు. నేను గుంజాను. మూడోసారికో నాలుగోసారికో బండి దగ్గి, పొగ కక్కి, మోగింది. షెడ్డంతా చప్పట్లు. నేను మాత్రం పక్కనే ఉన్న టైరు మీద కూలబడ్డాను.

నడపడం కూడా ఉస్తాదే నేర్పాడు, ఫలక్‌నుమా అవతలి బయలులో. లైసెన్సు వచ్చేనాటికి మా ఆయన చేతి పట్టీ తీసేశారు. వేళ్లు ఆడుతున్నాయి, మణికట్టు మాత్రం కొంచెం బిగుసుకుంది. గీతలు మునుపటిలాగే గీయగలిగాడు. బండి నడపనని మాత్రం తనే అన్నాడు. ఎడమ పక్కన ముందు సీటే ఆయనకు కావాలి.

కానీ ఆయన చెయ్యి ఊరుకోదు. గేరు కర్ర పక్కన ఇంకో రెండు చిన్న లివర్లు ఉండేవి. ఒకటి వేస్తే ముందు చక్రాలకూ జోరు అందుతుంది. రెండోది ఇంకా నెమ్మదిగా, ఇంకా బలంగా లాగడానికి. ఒక ఆదివారం చార్మినార్ దగ్గర సామాను కొనుక్కొని తిరిగి వస్తూ ఒక చోట ఆగాం.

"ఒక్కపారి చూస్త," అని ఆయన మొదటి లివరు లాగాడు.

కొంతదూరం బాగానే పోయింది. గాజుల దుకాణాల గల్లీలోకి తిప్పేసరికి స్టీరింగు మొండికేసింది. రెండు చేతులతో గుంజినా మొరాయించే బర్రెలాగా నేరుగానే పోతానంటుంది. ఆపి, లివరు తీసెయ్యమన్నాను. రాలేదు. నేను గుంజాను, ఆయన ఎడమచేత్తో గుంజాడు. ఒక దుకాణదారు దిగివచ్చి గుంజాడు. ఎవరో "ధక్కా మారో!" అని, నెట్టమని అరిచారు. అంతలో ఎదురుగా బ్యాండు మేళంతో పెళ్లికొడుకు బరాత్. గుర్రం, పూల ముసుగు, వెనక జనం. వాళ్లు ఆగరు, మేం ముందుకు పోలేం.

"పీఛే లేవ్, అమ్మా, పీఛే!" అని దుకాణదారు.

గల్లీలో బండిని వెనక్కి నడపడం నాకు అదే మొదలు. మా ఆయన దిగి వెనక నిలబడి, గాజుల బండ్లను పక్కకు జరిపిస్తూ చేతులు ఊపాడు. చెమటలు కారుతూ కొంత వెనక్కి పోగానే కింద 'టక్' మని చప్పుడైంది. లివరును తాకితే చాలు, వెన్నలాగా వచ్చేసింది. స్టీరింగు దూదిలా తేలికైంది. ఎందుకో మాకు తెలియదు. గుర్రం మా పక్కనుంచి పోతూ బానెట్‌ను వాసన చూసి పోయింది.

మర్నాడు చెబితే ఉస్తాద్‌కూ తెలియలేదు. జాకీ పెట్టి బండిని ఎత్తి, చక్రాలు చేత్తో తిప్పి తిప్పి చూశాం. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. నాలుగింటినీ కలిపి కట్టేస్తే గట్టి తారురోడ్డు మీద జారడానికి వీలుండదు, ఆ పెనుగులాటంతా లోపలి పళ్ల మీద పడి లివరును బిగించేస్తుంది. వెనక్కి నడిపితే ఆ బిగువు వదులుతుంది. అప్పటి నుంచి ఆ లివరు మెత్తటి నేలకే అని మా ఆయనకు ఆన పెట్టాను.

మెత్తటి నేల తొలి వానలు తగ్గాక దొరికింది. ఆయన ఎప్పుడో గీసిన ఒక చిన్న కాలువ ఉంది, నగరానికి దక్షిణంగా. తవ్వడం అయిపోయాక ఆయన్ను ఎవరూ తీసుకుపోలేదు. నీళ్లు పారుతుంటే చూడాలని ఉందన్నాడు. సద్దికట్టుకొని బయల్దేరాం. తారురోడ్డు అయిపోయి నల్లరేగడి మొదలైంది. ఒక వంకలో చక్రాలు సగానికి దిగిపోయాయి. ఎంత రైజ్ చేసినా బురద ఎగజిమ్మడమే. నేను ఆపాను.

"ఇప్పుడు లాగు," అన్నాను.

ఆయన లివర్లు రెండూ వేశాడు. నేను మెల్లగా క్లచ్ వదిలాను. బండి ఊగిసలాడి, ముందు చక్రాలు నేలను పట్టుకొని, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా గట్టెక్కింది. ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

కాలువ నిండా ఎర్రనీళ్లు. గట్టు మీద గొంగడి కప్పుకున్న ముసలి రైతు కనిపించాడు.

"ఆఫీసోళ్లా సార్?"

"కాదు పెద్దయ్యా, చూద్దామని వచ్చినం."

"చూడుండ్రి. నీళ్లు మస్తుగ పోతున్నయి. గీ వంపు ఎవడు గీసిండో గానీ, వాని చెయ్యిరగ! నా మడి ఇడిచిపెట్టి అటు తిప్పిండు."

మా ఆయన చొక్కా చెయ్యి మడిచి మణికట్టు చూపించాడు.

"ఇరిగింది పెద్దయ్యా. మొన్నటి దాంక పట్టీల ఉండె."

ముసలాయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నోరు తెరిచి, "నువ్వా సార్?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

"ఆడ కింద బండ ఉన్నది. దానికోసమే వంచినం," అన్నాడు మా ఆయన.

"బండ లేదు, ఏం లేదు!"

ఇద్దరూ పంతం పట్టి వెళ్లారు. ముసలాయన గడ్డపార తెచ్చి తన మడి అంచున పొడిచాడు. మొదటి పోటుకు మట్టి. రెండో పోటుకు ఠంగుమంది. ఇంకో చోట పొడిచాడు, అక్కడా ఠంగుమంది.

"ఉన్నదే!" అన్నాడు. ఆ తర్వాత కోపంగా, "మరి గీ ముచ్చట నాకెవడన్న చెప్పిండా?" అని అడిగాడు.

"లేదు," అన్నాడు మా ఆయన. "చెప్పాల్సి ఉండె."

ముసలాయన మమ్మల్ని గుడిసె దగ్గరికి తీసుకుపోయి మక్కకంకులు కాల్చి పెట్టాడు. మా ఆయన ఒక పుల్లతో నేల మీద గీస్తూ, బండను తప్పించి ఏ పక్కనుంచి చిన్న పిల్లకాలువ తెచ్చుకోవచ్చో చూపించాడు. ముసలాయన రెండుసార్లు తలూపాడు, ఒకసారి అడ్డంగా ఊపాడు. తెచ్చుకున్నాడో లేదో మాకు తెలియదు.

ఆ ప్రయాణపు బురద వదలడానికి చాలా రోజులు పట్టింది. బ్రేకు డ్రమ్ములు విప్పితే లోపల రేగడి ఇటుకలా ఎండిపోయి ఉంది.

జీపును చాలా ఏళ్లు ఉంచుకున్నాం. ఎండాకాలంలో పెట్రోలు పంపు వేడెక్కి నడిరోడ్డు మీద ఆగిపోతే, తడిగుడ్డ చుట్టి చల్లబడేదాకా కూర్చునేవాళ్లం. అత్తమ్మ దానిలో ఒక్కసారే ఎక్కింది, దిగి నడుం పట్టుకొని మళ్లీ ఎక్కనంది. సామాను దొరకడం కష్టమయ్యాక, ముందు ఇరుసు పళ్లు అరిగిపోయాక, మాకు దాన్ని అమ్మక తప్పలేదు. కొన్నది ఇటుక బట్టీ నడిపే ఒక మనిషి. తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అతనికి అన్నీ చెప్పాను. హ్యాండిల్ ఎలా పట్టుకోవాలో, ఎక్కడెక్కడ గ్రీజు పెట్టాలో, ఏ లివరు ఏ నేల మీద వెయ్యాలో, పంపుకు గుడ్డ ఎలా చుట్టాలో. అతను ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ విన్నాడు.

"అమ్మా," అన్నాడు చివరికి, "బండి అమ్ముతున్నరా, బిడ్డనిచ్చి పంపుతున్నరా?"

మా ఆయన పెద్దగా నవ్వాడు. అతను ఎక్కి, గేరు కరకరలాడించి, మొదటి గేరులోనే గల్లీ చివరిదాకా పోయాడు. "రెండోదెయ్యి!" అని నేను వెనక నుంచి అరిచాను. వినిపించిందో లేదో, మలుపు తిరిగాడు.