ఓబులయ్య జీపుకు దొరికిన పొడుగు షాకబ్జర్లు

ఓబులయ్య గొడ్డలి తీసుకుని కాటమరాజు చెయ్యి నరికాడని మార్కాపురంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పలకల గనుల వైపు కొందరైతే ఇంకో మెట్టు ఎక్కి, నరికిన చేతిని జీపు బానెట్టు మీద పెట్టుకుని బజారంతా తిరిగాడని కూడా అంటారు. అంతా అబద్ధం. గొడ్డలి లేదు, నరకడమూ లేదు. ఆ రోజు గిద్దలూరులో పాత ఇనుప సామాను దొడ్డిలో ఉన్నది నలుగురే: ఓబులయ్య, కాటమరాజు, దుకాణం రాఘవయ్య, ఓబులయ్య పెళ్ళాం గోవిందమ్మ. ఇక్కడ రాసింది గోవిందమ్మ కళ్ళతో చూసినంత. చూడని ముక్క ఒకటుంటే దాన్ని కూడా ఆమే అడిగి తెలుసుకుంది.

ఓబులయ్యది కొనకనమిట్ల పక్కన గొర్రెల ఇల్లు. కరువులో సగం మంద చచ్చి, మిగతా సగం సంతకు పోయాక, మూతి మీద నూగు రాకముందే పటాలంలో చేరాడు. బండి తోలడం అక్కడ నేర్చాడు. యుద్ధం అయిపోయాక మద్రాసులో మిలిటరీవాళ్ళు పాత బండ్లు వేలం వేస్తుంటే, చేతిలో ఉన్నదంతా పెట్టి ఒక జీపు పాడుకుని తోలుకొచ్చాడు. గోవిందమ్మ కాపురానికి వచ్చింది ఆ జీపులోనే. మాట తక్కువ మనిషి. తిడితే పక్కకు చూసేవాడు, పొగిడితే ఇంకా పక్కకు చూసేవాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన కేక వేయగా విన్నది ఎద్దులకు దారి తప్పుకోమని చెప్పినప్పుడేనని గోవిందమ్మ అంటుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులు. దోర్నాల పైన నల్లమలలో చంద్రశేఖరరావు అనే కాంట్రాక్టరుకు వెదురు కూపు, అంటే వెదురు నరికించుకునే అడవి ముక్క, ఉండేది. కూలీలనూ, బియ్యం మూటలనూ అడవిలోకి ఎక్కించే పని ఓబులయ్యది. అది బాట కాదు, రాళ్ళ వరస. జీపు కడుపు రాళ్ళకు కొట్టుకుంటోందని కమ్మరి చేత కమాన్ కట్టల్లో రెండేసి బద్దలు ఎక్కువ వేయించి, కింద ఇనుప దిమ్మలు పెట్టించి, బండిని జానెడు పైకి లేపించాడు. కడుపు తగలడం ఆగింది గానీ షాకబ్జర్లు తెగడం మొదలైంది. చక్రం గుంటలో పడి లేచినప్పుడు బండి ఎగిరెగిరి పడకుండా పట్టి ఉంచేవి అవే. బండి పెరిగింది, అవి పెరగలేదు. ప్రతి గుంటకూ పొడుగు చాలక సాగి ఊడిపోయేవి. సరుకు నాసిదనుకుని ఓబులయ్య కనిగిరిలో ఒక జత, త్రిపురాంతకంలో ఒక జత పాతవి కొని బిగించాడు. రెండూ నెల తిరక్కుండానే తెగాయి.

ఆఖరి జత తెగిన రోజున జీపు ఒక బండ మీంచి దిగి గుర్రంలా ఎగిరింది. వెనక కూర్చున్న కూలి యల్లయ్య గాలిలోకి లేచి పక్కన చక్రం ముందు పడ్డాడు. వెనక చక్రం అతని మోకాలి మీదుగా పోయింది. ఎముక పంచె చించుకుని బయటికి వచ్చింది. అతన్ని మోసుకొచ్చిన మర్నాడు ఒక్క కూలీ జీపు ఎక్కలేదు.

చంద్రశేఖరరావు ఇంటికే వచ్చాడు. అరుగు మీద కూడా కూర్చోలేదు.

"సోమవారం పొద్దుటికి బండి కుదురుగా ఉండాల ఓబులయ్యా. లేదంటే పని కాటమరాజుకు ఇస్తా. వాడు గూడా జీపు లేపించినాడు, నిన్ను చూసే."

"వాడి షాకబ్జర్లు గూడా తెగుతాయి అయ్యా."

"తెగనీ. ఇంకా ఎవురి కాలూ ఇరగలేదు గదా వాడి బండి కింద!"

ఆ పని పోతే జీపు పోయినట్టే. జీపు పోతే ఓబులయ్యకు మళ్ళీ పరాయి మంద వెంట కర్ర పట్టుకుని నడవడమే మిగిలేది. మద్రాసులో కొత్తవి పొడుగువి చేయిస్తారట గానీ ఆ ధర విని ఆయన భోజనం దగ్గరనుంచి లేచిపోయాడు. అప్పుడు గోవిందమ్మకు గుర్తొచ్చింది.

"మా గిద్దలూరులో రాఘవయ్య దొడ్డిలో మిలిటరీ లారీ ఒకటి పడుండాది. చక్రాలు లేవు. మేకలెక్కి ఆడతా ఉంటాయి. దానికుండవా ఇవి?"

ఓబులయ్య "నువ్వు మెకానిక్కు కావాల్సిందే" అన్నాడు. అది ఆయన చేసిన పెద్ద పొగడ్త.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ గిద్దలూరు పోయారు. తెల్లవారుజామున వాన పడి దొడ్డి బురదగా ఉంది. ఓబులయ్య లారీ కిందికి దూరి జానతో కొలిచి, బయటికి వచ్చి నవ్వాడు. జీపువాటికన్నా జానెడు పొడుగు. రాఘవయ్య వక్క నములుతూ వచ్చాడు. ఓబులయ్య భుజం మీది తువ్వాలు తీశాడు.

"మామా, చెయ్యి ఇట్లియ్యి. నోటితో చెబితే గోడకు గూడా ఇనపడతాది."

గొర్రెల సంతలో బేరం అట్లాగే జరుగుతుంది. రెండు చేతుల మీదా తువ్వాలు కప్పి, ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. అవతలివాడు వేళ్ళు నొక్కి వదిలితే బేరం కుదిరినట్టే. బయానా అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. రాఘవయ్య నవ్వుకుంటూ చెయ్యి ఇచ్చాడు. నొక్కాడు, వదిలాడు. తక్కువ పడిన రూపాయలు తెస్తానని ఓబులయ్య పెళ్ళాన్ని తీసుకుని అత్తగారింటికి పోయాడు. సంతలో అయితే ఆ గొర్రెను ఇంకెవడూ ముట్టడు. ఇనుప దుకాణంలో ఆ కట్టు లేదన్న ఆలోచన ఆయనకు రాలేదు.

తిరిగి వచ్చేసరికి దొడ్డి ముందు కాటమరాజు జీపు ఆగి ఉంది. కాటమరాజు రాఘవయ్య చేతిలో నోట్లు పెట్టి స్పానర్లు దించుకుంటున్నాడు. పదేళ్ళు పలకల గనిలో పలుగు పట్టిన భుజాలు. ఓబులయ్యకు చుట్టం కాదు గానీ ఇద్దరూ బావా అనే పిలుచుకునేవారు.

"బావా, ఆ జత నాది. పొద్దున్నే బేరమైనాది."

"ఎవురిన్న్యారు బావా? నీ పెళ్ళాం ఇనిందా? తువ్వాలు ఇనిందా?"

"రాఘవయ్య మామా, నువ్వే చెప్పు."

రాఘవయ్య తక్కెడ వైపు చూస్తూ, "మీరు మీరు తేల్చుకోండి నాయనా. నన్ను లాగొద్దండి" అన్నాడు. నోట్లు మాత్రం నడుముకు దోపాడు.

"పోయి గొర్రెలు కాసుకో బావా," అన్నాడు కాటమరాజు. "అవయితే ఎగిరినా ఎవురికీ కాలిరగదు."

ఓబులయ్య పోయి అతని చేతిలోని స్పానరు పట్టుకున్నాడు. కాటమరాజు దాన్ని విదిలించి లాక్కుని అదే ఊపులో తల మీద కొట్టాడు. చెవి పై భాగం చీలి వేలాడింది. రక్తం చొక్కా కాలరు నింపి బొత్తాల వెంట జారింది. ఓబులయ్య తూలి, నిలబడి, అతని గొంతు పట్టుకుని లారీ తలుపుకేసి తల మూడుసార్లు కొట్టాడు. తుప్పు రాలింది. కాటమరాజు మోకాలితో ఆయన పొట్టలో పొడిచాడు. ఇద్దరూ బురదలో పడి దొర్లారు. పిడిగుద్దులు మెత్తటి చోట్ల పడుతున్న చప్పుడు గోవిందమ్మకు రోట్లో దంపినట్టు వినిపించింది. ఆమె తక్కెడ మీది రెండు వీశెల రాయి తీసి కాటమరాజు వీపు మీద వేసింది.

"నీ చేతులిరగ! ఇడవరా నా మొగుణ్ణి!"

కాటమరాజు ఎడమ చేత్తో ఆమెను తోశాడు. ఆమె ఇనుప ముక్కల కుప్ప మీద పడింది, మోచెయ్యి ఎముకదాకా చీలింది. మరుక్షణం స్పానరు ఓబులయ్య దవడ మీద దిగింది. రెండు పళ్ళు బురదలో పడ్డాయి. ఓబులయ్య పాకుతూ పోయి లారీ పక్కన డ్రమ్ముకు ఆనుకుని కూలబడ్డాడు. ఇక తిరగబడలేదు.

కాటమరాజు ఉమ్మేసి పనిలోకి దిగాడు. చక్రాల బదులు పెట్టిన ఆనుడు రాళ్ళమీంచి లారీని కొంచెం ఎత్తితే గానీ షాకబ్జర్లు ఊడిరావు. బురదలో జాకీ దిగబడుతుంది, కింద ఏదన్నా పెట్టాలి. ఇంకో ఊరివాడైతే చెక్క దుంగ కోసం చూసేవాడు. మార్కాపురంలో గుమ్మం ఎత్తు చేయాలన్నా, పొయ్యి ఆనించాలన్నా పలకరాయే. కాటమరాజు జీపులోంచి నల్లటి బండ ఒకటి తెచ్చి పరిచి, దాని అంచు మీద జాకీ పెట్టాడు. ఒక అంచున ఉలి పెట్టి తడితే పొరలు పొరలుగా విడిపోయే రాయి అది. విడదీయడమే అతను పదేళ్ళు చేసిన పని. కోపం మీద ఉన్నాడు, చూసుకోలేదు. ఎత్తగానే ఆనుడు రాళ్ళు పక్కకు దొర్లినా సర్దకుండానే కిందికి దూరాడు. ఒక షాకబ్జరు ఊడదీసి బయటికి విసిరాడు. రెండో దానికోసం కుడి చెయ్యి పైకి చాపాడు.

గోవిందమ్మ అప్పుడు నీళ్ళ తొట్టి దగ్గర అటు తిరిగి మోచెయ్యి కడుక్కుంటోంది. రాఘవయ్య గుడ్డ చించి ఇస్తున్నాడు. వెనక పటపటమని అప్పడాలు విరిగినట్టు చప్పుడైంది. తర్వాత లారీ నేలకు దిగిన చప్పుడు. ఆ తర్వాత మనిషి గొంతులోంచి వస్తుందనుకోలేని అరుపు.

ఆమె తిరిగి చూసేసరికి ఓబులయ్య అప్పటికే లేచి గడ్డపార అందుకున్నాడు. ఇరుసు కింద దూర్చి వేలాడాడు. రాఘవయ్యా గోవిందమ్మా కాళ్ళు పట్టి లాగారు. మనిషి వచ్చాడు. మోచేతి కింద చెయ్యి మాత్రం నలిగిన చెరుకు పిప్పిలా, చర్మం పట్టుకుని వచ్చింది. ఓబులయ్య తువ్వాలుతో దాన్ని బిగించి కట్టి, కాటమరాజును తన జీపులో వేసుకున్నాడు. షాకబ్జర్లు లేని జీపు. మార్కాపురం ఆసుపత్రి దాకా ప్రతి గుంటకూ జీపు ఎగిరింది, ఎగిరినప్పుడల్లా కాటమరాజు గోవిందమ్మ ఒళ్ళో అరిచాడు. కంభం దాటాక అరవలేదు. డాక్టరు మోచేతి దగ్గర తీసేశాడు. పోలీసులు అడిగితే జాకీ జారిందని అందరూ ఒకే మాట చెప్పారు, కాటమరాజుతో సహా.

ఆ సాయంత్రమే ఓబులయ్య మళ్ళీ గిద్దలూరు పోయాడు. రాఘవయ్య కాటమరాజు నోట్లు తిరిగి పంపించేసి, తువ్వాలు కింది ధరకే జత ఇచ్చాడు. సోమవారం పొద్దున జీపు చంద్రశేఖరరావు ఇంటి ముందు నిలబడింది. కూలీలు ఒకరొకరే ఎక్కారు.

గొడ్డలి మాట తర్వాత వారానికి పుట్టింది. కుళాయి దగ్గర పొరుగింటి సరోజమ్మ అందుకుంది.

"ఏమే గోవిందూ, గొడ్డలి కడిగి దాచినారంట గదా?"

"నీ నోట్లో పురుగులు పడ! యాడుండాది గొడ్డలి? రాయి పగిలి జాకీ జారింది. మా ఆయన జరుగు జరుగని కేకేసినాడు, వాడు ఇనిపించుకోలా!"

"నువ్విన్న్యావా కేక?"

"ఇనకుండా చెబుతానా!"

అని బిందె ఎత్తుకుని వచ్చేసింది గానీ, ఇంటికి వచ్చేలోపే ఆమె నడక నెమ్మదించింది. తొట్టి దగ్గర నిలబడిన చోటుకి లారీ పది అడుగులు లేదు. పటపటలు వింది. ఇరుసు దిగడం వింది. కేక వినలేదు. వినని కేకను తానే పుట్టించి మొగుడికి అంటగట్టింది.

ఆ శుక్రవారం బియ్యం మూటలతో పాటు ఆమె కూడా దోర్నాల పైన కూపు దాకా జీపెక్కింది. ఓబులయ్య చెవికి కుట్లు, దవడ ఇంకా వాచి ఉంది. యల్లయ్య పడిన బండ వచ్చింది. జీపు దాని మీంచి గేదె చెరువులోకి దిగినట్టు మెత్తగా దిగింది. మూటలు కదలలేదు.

"ఏమయ్యా, బండి ఆపు."

ఆపాడు.

"నేను అటు తిరిగుండాను. రాఘవయ్య గూడా. నువ్వు డ్రమ్ముకు ఆనుకోని జాకీ ముందరే ఉండావు. ఊరందరికీ నువ్వు కేకేసినావని చెప్పినా నేను. ఆ బండ ఇడిపోయేది నువ్వు చూసినావా, లేదా?"

ఓబులయ్య పక్కకు చూడలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఆమె మొహంలోకే చూశాడు.

"చూసినా. మొదటి పొర లేసినకాడ్నించీ చూసినా. కేకేసుంటే వాడు బైటికొచ్చి, ఆ జత తీస్కోని పోయుండేవాడు గోవిందూ."