అక్క తీసేయమన్న మాట

నేను నోరు తెరిస్తే పక్కనున్నవాళ్లు నవ్వడానికి సిద్ధమైపోతారు. హిందూపురంలో నాకున్న పేరు అది. అందుకే ఈ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను, చెప్పబోతే ముందే నవ్వేస్తారని. ఒక మనిషి అన్న ఒక్క మాట ఆరేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇంకొకరికి అందించమని ఆమె నాకిచ్చింది. నేను అందించలేదు. దాని బదులు నా సొంత మాట అందించాను. పొద్దున వ్యాను తాళం తిప్పినప్పుడల్లా అది కూడా నాలో స్టార్టవుతుంది.

పేరు చెప్పను. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ని. లెక్కల సారులా నడిచి చూపిస్తే క్లాసంతా నవ్వింది, వెనకే నిలబడ్డ సారు నవ్వలేదు. మర్నాటి నుంచి నేను పోలేదు. తర్వాత డ్రైవరునయ్యాను. పుట్టపర్తికి వచ్చే విదేశీయులను ఏళ్ల తరబడి తిప్పి ఇంగ్లీషు పట్టుకున్నాను. పుస్తకం ముట్టకుండా భాష వచ్చిందని కాలరెగరేసేవాణ్ని.

నీమా పరిచయమైంది అట్లాగే. టాంజానియా అమ్మాయి. బెంగళూరులో ఒక యూనివర్సిటీలో సినిమా తీయడం చదువుకునేది. చివరి ఏడాది ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక చిన్న సినిమా తీసి చూపించాలి. ఆమె ధర్మవరం పట్టునేత మీద తీస్తానని నా కారు మాట్లాడుకుంది. డ్రైవరూ నేనే, దుబాసీ నేనే.

భాష రాని ఊరికి ఎందుకొచ్చావమ్మా అని మొదటి రోజే అడిగాను. తనతో చదివేవాళ్లంతా తమ ఊళ్లకు పోయి తమవాళ్ల మీదే సినిమా తీసుకుంటున్నారంది. తన అవ్వ చాపలు అల్లుతుందట. అంతదూరం పోయి రాలేక, చేతులతో అల్లే ఇంకో మనిషి ముందు కూర్చుందామని వచ్చిందట. నేను వెంటనే ఏదో జోకేశాను. ఏం జోకో గుర్తులేదు. ఆమె నవ్వలేదని మాత్రం గుర్తుంది.

ఆమెను రామలక్ష్మక్క ఇంటికి తీసుకుపోయాను. అక్కకు అప్పటికి యాభై దాటాయి. ఇంట్లో గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేయాలి. షావుకారు పట్టు, జరీ ఇస్తాడు, అక్క నేసి ఇస్తుంది. మగ్గానికి నిలువుగా ఎక్కించే దారాల కట్టను వార్పు అంటారు. ఒక వార్పు అయిపోగానే షావుకారు ఇంకోటి ఇస్తేనే మగ్గం ఆడుతుంది. ఇవ్వకపోతే ఇంట్లో మగ్గం ఉన్నా లేనట్టే. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకోలేదు. కాదు, గుర్తుంది. గుర్తుండే చేశాను.

నీమా నాలుగు రోజులు తీసింది. తీయడం అయ్యాక ఒక నిమిషం ఎవ్వరూ మాట్లాడొద్దనేది. గదికి కూడా ఒక శబ్దం ఉంటుందట, దాన్ని విడిగా పట్టుకోవాలట. ఆ నిమిషం నాకు ప్రాణం మీదికొచ్చేది. అక్క నా మొహం చూసి కొంగు నోట్లో కుక్కుకునేది.

తీసినంతవరకు వాళ్ల సారుకు పంపింది. సారు జవాబు పెట్టాడు. చూడ్డానికి బాగుంది, కానీ ఇందులో ఒక్కరూ బతికి లేరు అని. పెనుకొండ కొండ కింద టీ అంగడి దగ్గర కారాపి నాకది చదివి వినిపించింది. టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేసింది. మేలో ఆమె వీసా అయిపోతుంది. ఈలోగా సినిమా ఇవ్వకపోతే చదువు సగంలో పోయినట్టే, ఇక్కడి పిల్లల్లాగా వచ్చే ఏడు మళ్లీ చూద్దాంలే అనే వీలు తనకు లేదంది. నేనేమన్నానో తెలుసా? రేపు నేను బతికిస్తా చూడు అన్నాను.

బతికించాను. మర్నాడు కెమెరా తిరుగుతుండగా అక్కను కదిలించాను.

"ఏమక్కా, నడుములు పడిపోయేట్టు నేస్తాండావు. మీ షావుకారు అంగట్లో వేలాడేవన్నీ ఈ గుంటలోంచి వచ్చినవేనా, స్విచ్చి వేస్తే వచ్చినవా?"

అక్క చేతిలో నాడెను, అడ్డదారం అటూ ఇటూ నడిపేదాన్ని, ఆపకుండానే అంది. "సగం స్విచ్చివే అబ్బీ. కరెంటు మగ్గం మీద నేయించి, చేతి నేతని చీటీ అతికించేది మాత్రం మా పేరు జెప్పి."

"అయితే మీ షావుకారుకు పట్టుకంటే జిగురుకే ఎక్కువ ఖర్చు!"

అక్క మగ్గం మీదికి వాలిపోయి నవ్వింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నీమాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ కెమెరా వెనక ఆమె మొహం వెలిగింది. సినిమా దొరికిందని ముగ్గురిలో ఇద్దరికి తెలిసింది.

వాళ్ల యూనివర్సిటీలో ఒక నియమం ఉండేది. సినిమాలో ఉన్నవాళ్లకు వాళ్ల భాగం ముందే చూపించాలి. వాళ్లు ఒప్పుకున్నట్టు కెమెరా ముందే చెప్పించాలి. రెండు వారాలకు నీమా ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ వచ్చింది. కెమెరా ఆన్ చేసి పక్కన పెట్టింది. అక్క తన మొహం చూసుకుని మొదట సిగ్గుపడింది. నవ్విన చోట మళ్లీ నవ్వింది. తర్వాత మెల్లగా నవ్వు ఆపేసి నావైపు తిరిగింది.

"అబ్బీ, ఆ షావుకారు మాట తీసేయమను."

"ఏమైతుందిలేక్కా, బెంగళూర్లో చదువుకునే పిల్లోళ్లు చూసేది."

"యాడ చూస్తే ఏముండాది, మాట మాటే గదా. ఈ వార్పు ఆయనిచ్చిందప్పా. అదొక్కటి తీసేయమను. మిగతాదంతా పెట్టుకోమను. పిల్ల మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పు."

చెప్పి, ఇంటికొచ్చిన పిల్ల నొచ్చుకోకూడదని, నీమా వైపు చూసి చిరునవ్వుతో తలూపింది. నీమా నన్నడిగింది. "ఏమంటోంది?"

నేను ఇంగ్లీషులో అన్నాను. "చాలా బాగుందంటోంది. ఏదీ తీయొద్దంటోంది."

నీమా అక్కను వాటేసుకుంది. తన మాట చెల్లిందనుకున్న అక్క ఆ పిల్ల చెంప నిమిరింది. బంగారు తల్లి అంది. ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. మధ్యలో నేను కూడా నవ్వుతూ నిలబడ్డాను.

ఎందుకు చేశాను? ఆ పిల్ల చదువు పోకూడదని అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. వీసా గడువు, టీ అంగడి దగ్గర తాగకుండా వదిలేసిన ఆ టీ, అన్నీ నిజమే కదా? నిజమే. కానీ తీసేయమన్నదని చెప్పి ఉంటే ఆమె తీసేసేది, ఇంకో రోజు కూర్చుని ఇంకో నవ్వు వెతికేది, నేనే వెతికి ఇచ్చేవాణ్ని, ఊళ్లో నవ్వులకేం కరువా. అది కాదు. ఆ మాట తీసేస్తే దాని వెనకున్న నా జోకు పోతుంది. జిగురు జోకు. నా గొంతుతో ఉన్న జోకు. అదీ అసలు సంగతి. చూశారా, ఇంత చిన్నది. దీన్నే ఆరేళ్లు దాచాను.

బెంగళూరులో సినిమా వేసినప్పుడు నన్నూ పిలిచింది. చొక్కా ఇస్త్రీ చేయించుకుని పోయాను. కింద నేను చెప్పి రాయించిన ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే, జిగురు మాట దగ్గర హాలంతా గొల్లుమంది. అందరూ డిగ్రీలు చదివేవాళ్లు. ఆ గొంతు మీదేనా అని వాళ్ల సారు వచ్చి చెయ్యి కలిపాడు. బడిలో ఒక సారు నవ్వలేదని చెప్పాను కదా. ఈ సారు నవ్వాడు. ఆ రోజు నాకు అక్క గుర్తుకు రాలేదు. రాలేదని రాయడానికి చెయ్యి ఆడట్లేదు, కానీ రాలేదు.

ఆ ఏటి సినిమాలన్నీ యూనివర్సిటీ వాళ్లు ఆన్‌లైన్లో పెట్టారు. ఎవరో అక్క మాటతో సహా ఆ జోకు ముక్క మాత్రం కత్తిరించి ఫోన్లలో పంపారు. నవ్వొచ్చేది కాబట్టే అది తిరిగి తిరిగి ధర్మవరం చేరింది. షావుకారు కేకలేయలేదు. మనిషిని పంపలేదు. మగ్గం మీద చీరలు అయిపోయి అక్క అంగడికి పోతే, వార్పు లేదమ్మా, మళ్లీ రా అన్నాడు. మళ్లీ పోతే మళ్లీ అదే మాట. మిగతా షావుకార్లూ అదే మాట. కొన్ని నెలలకు మగ్గం విప్పేశారు. గుంటను మట్టితో పూడ్చి పైన సిమెంటు పోశారు.

అప్పటికి నీమా వీసా అయిపోయి వాళ్ల దేశం వెళ్లిపోయింది. వీధి వీధంతా ఆమెనే తిట్టింది. తీసేస్తానన్నట్టు వాటేసుకుని మోసం చేసిందని. నేను నోరు మూసుకున్నా సగం పాపంతో పోయేది. మూసుకోలేదు. "కెమెరాకు ఉండేది ఒక్క కన్నే గదక్కా, దానికి దయ యాడుంటుంది" అన్నాను. అందరూ అవునన్నారు. చేసిన తప్పు కంటే ఇది పెద్దదని నాకు తెలుసు. మొదటిది ఒక్క క్షణంలో అయిపోయింది. ఇది రోజూ చేశాను.

రోజూ ఎందుకంటే, అక్క పెనుకొండలో తమ్ముడింటికి చేరింది. అక్కడి నుంచి హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీకి ఆడవాళ్లను తీసుకుపోయే వ్యాను ఇప్పుడు నాది. అక్క సరిగ్గా నా వెనక సీట్లో కూర్చుంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు తన మగ్గం కథ చెబుతుంది. చివర్లో నా భుజం తట్టి, "ఈ అబ్బి ఏం చేస్తాడు పాపం, చెప్పాల్సింది చెప్పినాడు" అంటుంది. అద్దంలో నన్ను నేను చూడకుండా డ్రైవింగు చేయడం నేర్చుకున్నాను. అప్పుడప్పుడు నీమా మెసేజ్ పెట్టేది, అక్క ఎలా ఉందని. బాగుంది, నేస్తోంది అని పెట్టేవాణ్ని. అక్క అప్పుడు నా వెనకే ఫ్యాక్టరీ కార్డు మెళ్లో వేసుకుని ఉండేది.

పోయిన వారం నీమా నుంచి పెద్ద మెసేజ్ వచ్చింది. ఇప్పుడు తను అక్కడ సినిమా పాఠాలు చెబుతోందట. అప్పటి ఫుటేజీతో పెద్ద సినిమా చేస్తోందట. పాతవన్నీ తెలుగు వచ్చిన ఒకామెకు ఇచ్చిందట, ప్రతి మాటా రాయించడానికి. వచ్చే నెల అక్కకు చూపించడానికి వస్తుందట. దుబాసీ మళ్లీ నువ్వే అని నవ్వుతున్న బొమ్మ పెట్టింది.

ప్రతి మాటా అంటే ఆ ఒప్పుకున్న ముక్క కూడా. అందులో అక్క గొంతు ఉంది. తీసేయమను అని చక్కటి తెలుగులో ఉంది. ఆరేళ్లు అది అట్లాగే ఉంది, వినే చెవి లేక.

వారమంతా ఫోను మోగితే నీమా పేరు కాదని చూసుకున్నాకే ఎత్తాను. సోమందేపల్లి దగ్గర స్పీడ్ బ్రేకరు చూడకుండా ఎగిరించి అందరితో తిట్లు తిన్నాను. ఆ తెలుగామె ఎక్కడిదాకా విని ఉంటుంది? ఈరోజు వినిందా? అది బయటపడకపోతే నేను నోరు తెరిచేవాణ్నా? మిమ్మల్ని మోసం చేయను. తెరిచేవాణ్ని కాదనుకుంటా.

ఈరోజు పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరూ దిగాక, ఒక్క నిమిషం అక్కా అన్నాను. చెప్పాను. మొదలుపెట్టగానే అక్క నవ్వబోయింది, అలవాటు కదా. నేను ఆపకుండా చెప్పాను. జిగురు జోకు కోసమని కూడా చెప్పాను. అక్క సీటు కమ్మీ పట్టుకుని వింది.

"ఆరేండ్లు ఆ పిల్లను తిట్టుకుంటినే అబ్బీ" అంది.

అంతే. దిగి గేటులోకి పోయింది.

క్షమించక్కా అని నేను అడగలేదు. అడిగితే నాకు కావాల్సిన మాట మళ్లీ ఆమె నోట పెట్టినట్టే. అక్కడే రోడ్డు పక్కన కూర్చుని నీమాకు కూడా అంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పి పంపాను. విన్నట్టు టిక్కులు నీలంగా మారాయి.

సాయంత్రం అక్క వ్యాను ఎక్కింది. నా వెనక సీటు వదిలేసి చివరి వరుసలో కూర్చుంది. "ఏమన్నా, ఈపొద్దు మూగనోము పట్టినావా?" అని ఒక పిల్ల అడిగింది. బండి చప్పుడు వినబడుతోంది. దీనికింత చప్పుడుందని ఇన్నేళ్లూ నాకు తెలియదు.

అందరూ దిగాక ఫోను చూశాను. నీమా పెట్టింది. నన్ను తిట్టలేదు. అప్పటి ప్రశ్నే మళ్లీ అడిగింది.

"అక్క ఏమంటోంది?"

ఆరేళ్లు ఆ పిల్లను తిట్టుకున్నానే అంది, అని రాశాను. ఆమె అన్నదే. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు.

"మరి నీ గురించి?"

చివరి వరుస వైపు ఒకసారి తిరిగి చూశాను. తర్వాత రాశాను.

"ఏమీ అనలేదు."